గోరుచుట్టుపై రోకటిపోటు

ఉద్దేశం: వ్యాధికారక క్రిములు జంటగా దాడి చేసినప్పుడు శరీరంలోని రక్షణ వ్యవస్థ ఎలా స్పందిస్తుందో, ఏ సందర్భంలో విఫలమవుతుందో పందుల శ్వాసకోశ వ్యాధుల ఉదాహరణలతో తెలియజేయడం.

‘గోరుచుట్టుపై రోకటిపోటు’ అన్నది తెలుగువారి నోట తరచుగా వినవచ్చే సామెత. గోరుచుట్టు ప్రాణాంతకమైన వ్యాధి కాదు. నాలుగు రోజులు సలిపి తగ్గిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న వేలిమీద రోకటిపోటు పడినా కొంతసేపు నొప్పి కలిగించి ఊరుకుంటుంది. కాని గోరుచుట్టు లేచిన వేలిమీదనే రోకలి పడితే కలిగే బాధ ఆ రెండు బాధల మొత్తం కాదు. ఆ రెండింటినీ మించిన మూడవ బాధ. వాత పిత్త కఫాలు మూడూ ఏకకాలంలో ప్రకోపించినప్పుడు వచ్చే జ్వరాన్ని ఆయుర్వేదం సన్నిపాత జ్వరమని వేరుగా పేర్కొని, దానిని కష్టసాధ్యంగా పరిగణించింది. కారణాలు కలిసినప్పుడు కార్యం కొత్త రూపం ధరిస్తుందన్న ఈ ఎరుక మన పెద్దలకు ఉండేది. అదే సత్యం ఆధునిక కాలంలో ప్రయోగశాలలో రుజువైన తీరు ఆసక్తికరమైనది. ఆ రుజువుకు వేదిక అయినది పంది ఊపిరితిత్తి.

పురాణాలు వరాహానికి భూమిని ఉద్ధరించిన గౌరవం ఇచ్చాయి. లోకవ్యవహారంలో మాత్రం పంది ఈసడింపుకే గురి అయింది. వైద్యశాస్త్రం దృష్టిలో ఈ జంతువుకు ప్రత్యేక స్థానం ఉన్నది. దాని ఊపిరితిత్తుల నిర్మాణం, రోగనిరోధక కణాల పనితీరు అనేక విషయాలలో మానవునికి సన్నిహితంగా ఉంటాయి. మానవుని పీడించే ఇన్‌ఫ్లూయెంజా వైరస్ జాతి పందిని కూడా పీడిస్తుంది. అందువల్ల పంది రోగాన్ని అర్థం చేసుకోవడం మనిషి రోగాన్ని అర్థం చేసుకోవడానికి సోపానమైంది.

శరీరమనే దుర్గం

వైరస్, బాక్టీరియా అనే రెండు మాటలను లోకంలో ఒకే అర్థంలో వాడుతుంటారు. వాస్తవానికి అవి భిన్నమైనవి. బాక్టీరియా స్వతంత్రంగా జీవించగల ఏకకణ జీవి. వైరస్ అంతకంటె ఎన్నో రెట్లు సూక్ష్మమైనది. స్వయంగా వృద్ధి పొందలేదు. ఇతర జీవుల కణాలలో ప్రవేశించి, ఆ కణ యంత్రాంగాన్నే వాడుకొని తన సంతతిని పెంచుకుంటుంది. శత్రువులు రెండు రకాలు కాబట్టి శరీరం చేసే యుద్ధం కూడా రెండు రకాలుగా ఉంటుంది.

శ్వాసనాళం లోపలి గోడలపై సన్నని వెంట్రుకల వంటి శైలికలు ఉంటాయి. అవి వరిచేను గాలికి ఊగినట్లు ఒకే దిశగా కదులుతూ, శ్లేష్మంలో చిక్కుకున్న దుమ్మును, క్రిములను గొంతువైపు నెడుతుంటాయి. ఇది దుర్గానికి తొలి ప్రాకారం. దీనిని దాటి వాయుకోశాల వరకు చేరిన క్రిములను అక్కడ కాపలా కాసే మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు మింగి జీర్ణం చేసుకుంటాయి. ముప్పు పెద్దదైతే ఇవి సైటోకైన్లు అనే రసాయన సందేశాలను వెలువరిస్తాయి. ఆ సందేశాలను అందుకొని రక్తంలోని న్యూట్రోఫిల్ కణాలు బారులు తీరి వస్తాయి. ఇవి ప్రధానంగా బాక్టీరియా మీద పోరాడే పదాతిదళం.

వైరస్ సోకినప్పుడు వ్యూహం మారుతుంది. శత్రువు కణం లోపల దాగి ఉంటాడు కాబట్టి వాడిని వెదకి మింగడం సాధ్యం కాదు. వైరస్ సోకిన కణాలు ఇంటర్ఫెరాన్ అనే పదార్థాన్ని విడుదల చేసి, పొరుగు కణాలను హెచ్చరిస్తాయి. సహజ హంతక కణాలు, టి-లింఫోసైట్లలో ఒక వర్గం కలిసి వైరస్ సోకిన కణాలనే సంహరిస్తాయి. బి-లింఫోసైట్ల సంతతి ప్రతిదేహాలను తయారు చేస్తుంది. ఒకసారి ఎదుర్కొన్న శత్రువును గుర్తుంచుకొనే శక్తి ఈ లింఫోసైట్లకే ఉన్నది. టీకాల ప్రయోజనం అంతా ఈ జ్ఞాపకశక్తి మీదనే ఆధారపడి ఉన్నది.

పంది విషయంలో మరొక విశేషం గమనించవలసి ఉన్నది. మానవ శిశువు తల్లి గర్భంలో ఉండగానే జరాయువు ద్వారా తల్లి ప్రతిదేహాలను కొంతమేరకు పొందుతుంది. పంది జరాయువులో తల్లి రక్తానికీ పిల్ల రక్తానికీ మధ్య ఆరు పొరల అడ్డు ఉండడం వల్ల ప్రతిదేహాలు దాటిపోలేవు. పందిపిల్ల ఆ విధమైన రక్షణ ఏమీ లేకుండానే పుడుతుంది. పుట్టిన తొలి రోజు తాగే ముర్రుపాలే దానికి కవచం. ఆ ఒక్క రోజు గడిచేసరికి పేగు గోడలు మూసుకుపోయి ప్రతిదేహాలు రక్తంలోకి చేరే దారి దాదాపు ముగిసిపోతుంది. తల్లి ఇచ్చిన ఈ కవచం వారాలు గడిచేకొద్దీ పలచబడుతుంది. పిల్ల సొంత బలగం అప్పటికి పూర్తిగా సిద్ధం కాదు. ఆధునిక పెంపకశాలల్లో సరిగ్గా ఈ సంధికాలంలోనే పిల్లలను తల్లినుంచి వేరుచేసి, వివిధ ఈతల పిల్లలతో కలిపి ఒకే కొట్టంలో ఉంచుతారు. జంట అంటువ్యాధులు విజృంభించేది ఎక్కువగా ఈ అదనులోనే.

అయోవాలో తేలిన సత్యం

1918 సంవత్సరం ప్రపంచ చరిత్రలో ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారికి గుర్తుగా మిగిలింది. ఆ శరత్తులోనే అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పందులకు ఒక కొత్త జబ్బు వచ్చింది. సీడార్ రాపిడ్స్ పట్టణంలో జరిగిన పందుల ప్రదర్శన తర్వాత అది ఊరూరా వ్యాపించింది. జ్వరం, దగ్గు, ఆయాసం, కదలలేనంత నీరసం. ప్రభుత్వ పశువైద్య తనిఖీ అధికారి జె.ఎస్. కోయెన్ ఈ పందుల జబ్బుకూ, ఇళ్లలో మనుషులను పడవేసిన జబ్బుకూ ఉన్న పోలికను గుర్తించాడు. దీనిని ‘ఫ్లూ’ అనే పిలవాలని పట్టుబట్టాడు. ఆ పేరు వింటే జనం పందిమాంసం కొనరేమో అన్న భయంతో వ్యాపారులు అభ్యంతరం తెలిపినా అతడు తన అభిప్రాయాన్ని మార్చుకోలేదు.

ఈ వ్యాధికి కారణమేమిటన్న ప్రశ్నకు జవాబు చెప్పినవాడు రిచర్డ్ షోప్. ఇతడు అయోవాలోనే పుట్టి వైద్యవిద్య అభ్యసించినవాడు. ప్రిన్స్టన్‌లోని రాక్‌ఫెల్లర్ పరిశోధన సంస్థలో పనిచేసేవాడు. పాల్ లూయిస్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఇతడు జబ్బుపడిన పందుల శ్వాసకోశాలనుంచి ఒక బాక్టీరియాను వేరుచేశాడు. 1892లో రిచర్డ్ ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త మానవ ఇన్‌ఫ్లూయెంజా రోగుల నుంచి వేరుచేసిన బాక్టీరియాకు అది చాలా దగ్గరి పోలికలో ఉన్నది. దోషి దొరికినట్లే అనిపించింది. కాని ఆ బాక్టీరియాను మాత్రమే ఆరోగ్యంగా ఉన్న పందుల ముక్కులో వేసినప్పుడు వాటికి జబ్బు రాలేదు.

ఆ దశలో లూయిస్ పచ్చజ్వరం మీద పరిశోధనకై బ్రెజిల్ వెళ్లి, 1929లో అదే వ్యాధితో మరణించాడు. షోప్ పరిశోధన కొనసాగించాడు. జబ్బుపడిన పంది ఊపిరితిత్తుల రసాన్ని బాక్టీరియా కూడా దాటలేనంత సన్నని రంధ్రాలు గల వడపోత సాధనం గుండా వడకట్టి, ఆ తేటను పందుల ముక్కులో వేశాడు. వాటికి స్వల్పమైన అస్వస్థత మాత్రం కలిగి కొద్దిరోజులలో తగ్గిపోయింది. వడపోతను దాటిన ఆ అదృశ్య పదార్థమే వైరస్. చివరికి వడకట్టిన తేటను, బాక్టీరియాను కలిపి వేసి చూశాడు. పందులకు పూర్తిస్థాయి వ్యాధి వచ్చింది. ఊపిరితిత్తులు న్యుమోనియాతో గట్టిపడ్డాయి. ఈ ఫలితాలు 1931లో వెలువడ్డాయి.

ఒకటి ఒంటరిగా నిరపాయకరం. మరొకటి ఒంటరిగా స్వల్పహాని. రెండూ కలిస్తే ప్రాణగండం. అంతవరకు వైద్యలోకంలో బాక్టీరియా పక్షం వారికీ, వైరస్ పక్షం వారికీ వాదం నడిచేది. ఇద్దరి చేతిలోనూ సగం సత్యమే ఉన్నదని పంది చెప్పింది. రెండేళ్ల తర్వాత 1933లో ఇంగ్లండులో స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అనే శాస్త్రజ్ఞులు మానవ ఇన్‌ఫ్లూయెంజా వైరస్‌ను వేరుచేశారు. ఫైఫర్ బాక్టీరియా వ్యాధికి మూలకారణం కాదని తేలినా, పొరపాటున పెట్టిన ‘హీమోఫిలస్ ఇన్‌ఫ్లూయెంజే’ అన్న పేరు దానికి నేటికీ నిలిచిపోయింది.

మడమ పట్టిన శత్రువు

షోప్ ‘ఏమి జరిగింది’ అన్నది చూపాడు. ‘ఎందుకు జరిగింది’ అన్నది తెలియడానికి రోగనిరోధక కణాల శాస్త్రం ఎదగవలసి వచ్చింది.

ఒక రాజు ఎదుటి శత్రువుపై దండెత్తి పోయినప్పుడు వెనుకనుంచి వచ్చి పడే మరో శత్రురాజుకు కౌటిల్యుని అర్థశాస్త్రం పార్ష్ణిగ్రాహుడని పేరు పెట్టింది. పార్ష్ణి అంటే మడమ. జంట వ్యాధిలో బాక్టీరియా పోషించేది ఈ పార్ష్ణిగ్రాహుని పాత్రే. సైన్యమంతా వైరస్ వైపు తిరిగి ఉన్న సమయంలో అది వెనుకనుంచి ప్రవేశిస్తుంది.

ఇన్‌ఫ్లూయెంజా వైరస్ శైలికలు గల కణాలను నాశనం చేస్తుంది. ఊడ్చేవారు లేని వీధివలె శ్వాసనాళం మలినమవుతుంది. వైరస్ ఉపరితలంపై ఉండే న్యూరమినిడేజ్ అనే ఎంజైము శ్వాసకణాల పైపొరలోని సయాలిక్ ఆమ్లాన్ని తొలగిస్తుంది. అది తొలగగానే దాని చాటున ఉన్న స్థానాలు బయటపడి, కొన్ని బాక్టీరియాలు అతుక్కోవడానికి అనువవుతాయి.

స్ట్రెప్టోకోకస్ సూయిస్ అనే బాక్టీరియా ఇంకా చిత్రమైన మార్గం పడుతుంది. ఇది ఆరోగ్యంగా ఉన్న పందుల టాన్సిళ్లలో కూడా అణగిమణిగి జీవిస్తుంది. దీని రెండవ రకపు పైతొడుగులో సయాలిక్ ఆమ్లం ఉంటుంది. ఇన్‌ఫ్లూయెంజా వైరస్ సోకిన కణాల ఉపరితలం మీదికి వైరస్ ప్రోటీన్లు పొడుచుకు వస్తాయి. సయాలిక్ ఆమ్లాన్ని పట్టుకోవడం ఆ ప్రోటీను స్వభావం. అందువల్ల వైరస్ సోకిన కణం బాక్టీరియాను తానే చేయిచాచి పట్టుకుంటుంది. జర్మనీలోని హానోవర్ నగరంలో పంది శ్వాసకణాలపై జరిపిన ప్రయోగాలలో ఈ విషయం వెల్లడైంది.

ఇవన్నీ కోటగోడకు పడిన గండ్లు. కోటలోని సైనికుల స్థితి కూడా ఆలోచించదగినదే. 2008లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో ఎలుకలపై జరిగిన పరిశోధన ఒక వింతను బయటపెట్టింది. ఇన్‌ఫ్లూయెంజా వైరస్‌ను అణచడానికి వచ్చిన టి-కణాలు గామా ఇంటర్ఫెరాన్‌ను వెలువరిస్తాయి. ఇది వైరస్ మీద జరిగే పోరాటానికి సంకేతం. అయితే అదే సంకేతం వాయుకోశాలలోని మాక్రోఫేజ్‌లపై, బాక్టీరియాను పట్టుకునే గ్రాహకాల సంఖ్యను తగ్గిస్తుంది. కావలివారు అక్కడే ఉంటారు. వారి చేతులలో ఆయుధం మాత్రం ఉండదు. వైరస్ సోకి కొన్ని రోజులు గడిచి, జ్వరం తగ్గుముఖం పట్టి, రోగి కోలుకుంటున్నాడని అందరూ ఊరట చెందే సమయంలో న్యుమోనియా విరుచుకుపడడానికి ఇది ఒక కారణం.

కావలివాడే ఆహారమైన వేళ

ఇన్‌ఫ్లూయెంజా వైరస్ కాపలాదారులను బలహీనపరుస్తుంది. మరొక వైరస్ వారినే ఆహారంగా చేసుకుంటుంది. 1980వ దశకం చివర అమెరికాలో, ఆ వెంటనే ఐరోపాలో పందులకు ఒక అంతుచిక్కని రోగం వచ్చింది. చూలు పందులకు గర్భస్రావాలు, పిల్లలకు ఆయాసం, మరణాలు. పేరు తెలియక దానిని ‘మర్మవ్యాధి’ అనే పిలిచారు. 1991లో నెదర్లాండ్స్‌లోని లెలిస్టాడ్ పట్టణంలో శాస్త్రజ్ఞులు దీనికి కారణమైన వైరస్‌ను గుర్తించారు. పునరుత్పత్తి, శ్వాసకోశ వ్యవస్థలు రెండింటినీ దెబ్బతీసేది కావడంతో ఆ ఇంగ్లీషు పేరులోని తొలి అక్షరాలను బట్టి దీనిని పి.ఆర్.ఆర్.ఎస్. వ్యాధి అంటారు.

ఈ వైరస్ కోరి వెతుక్కొనే కణం వాయుకోశాలలోని మాక్రోఫేజ్. ఆ కణం పైన ఉండే సి.డి.163 అనే గ్రాహకం ద్వారా లోపల ప్రవేశించి, దానిలోనే పెరిగి, దానిని చంపి వెలికి వస్తుంది. బాక్టీరియాను మింగవలసిన కణమే వైరస్‌కు పుట్టినిల్లు అవుతుంది. పైగా ఈ వైరస్ ఇంటర్ఫెరాన్ హెచ్చరికను అణచివేస్తుంది. దానిని నిర్వీర్యం చేయగల ప్రతిదేహాలు తయారుకావడానికి నాలుగు వారాలో అంతకు మించో పడుతుంది. ఆ నడిమి కాలంలో, అంతవరకు టాన్సిళ్లలో ఒదిగి ఉన్న స్ట్రెప్టోకోకస్ రక్తంలోకి, మెదడు పొరలలోకి పాకుతుంది. వైరస్‌తో పాటు ఈ బాక్టీరియా కూడా సోకిన పందులు ఎక్కువగా మరణిస్తాయని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000 నాటికి ప్రయోగపూర్వకంగా చూపారు.

ఈ వ్యాధి వల్ల అమెరికాలో ఏటా సుమారు 66 కోట్ల డాలర్ల నష్టం వాటిల్లుతున్నదని 2013లో ప్రచురితమైన ఒక అంచనా తెలిపింది. అదే 2013లో ఈ వ్యాధి మిజోరంలో బయటపడింది. భారతదేశంలో దీనిని గుర్తించడం అదే మొదలు. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో 90 లక్షలకు పైగా పందులున్నాయి. వాటిలో దాదాపు సగం ఈశాన్య రాష్ట్రాలలోనివి. అక్కడి గిరిజన కుటుంబాలకు పెరటి కొట్టంలోని రెండు మూడు పందులే పిల్లల చదువుకు, ఇంటి శుభకార్యానికి దాచుకున్న ధనం. పెద్ద పెంపకశాలకు అంకెలలో కనిపించే నష్టం ఆ కుటుంబానికి సర్వస్వనాశనంగా పరిణమిస్తుంది.

వరుస తప్పిన జంట

వైరస్ ముందు, బాక్టీరియా వెనుక అన్నది నియమమా? కాదు. మైకోప్లాస్మా హయోన్యుమోనియే అనే బాక్టీరియా పంది శ్వాసనాళపు శైలికలకు అంటుకొని, దీర్ఘకాలం పొడిదగ్గు తెప్పిస్తుంది. దీనివల్ల సాధారణంగా ప్రాణాపాయం ఉండదు. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఐలీన్ థాకర్ బృందం 1999లో ఒక విశేషాన్ని ప్రకటించింది. మైకోప్లాస్మా సోకిన పందులకు పి.ఆర్.ఆర్.ఎస్. వైరస్ కూడా సోకితే, వైరస్ కలిగించే న్యుమోనియా మరింత తీవ్రంగా, మరింత దీర్ఘకాలం ఉంటుంది. మైకోప్లాస్మా మచ్చలు ఊపిరితిత్తులలో అతిస్వల్పంగా ఉన్న పందులలో కూడా ఇదే ఫలితం కనిపించింది.

కంటికి కనిపించే గాయం కొలత కాదని దీనివల్ల తెలుస్తుంది. మైకోప్లాస్మా వల్ల మాక్రోఫేజ్‌లు, లింఫోసైట్లు శ్వాసనాళాల చుట్టూ పెద్దసంఖ్యలో చేరి, ఉద్రేక స్థితిలో సందేశాలను వెలువరిస్తూ ఉంటాయి. ఆ స్థితిలో వచ్చిపడిన వైరస్ పోరును మరింత పెంచుతుంది. అయితే ఈ దిశలో జరిగిన పరిశోధనలు ఒక ఆశను కూడా కలిగించాయి. మైకోప్లాస్మాకు ముందుగా టీకా వేసిన పందులలో ఈ తీవ్రత తగ్గింది. గొలుసులో ఒక్క కొక్కెం తెగినా గొలుసు బలహీనపడుతుందన్నమాట.

కంచె చేను మేసిన వైనం

శత్రువును అణచలేకపోవడం ఒక కీడు. అవసరానికి మించి యుద్ధం చేయడం మరొక కీడు. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయంలో క్రిస్టిన్ వాన్ రీత్, ఆమె సహచరులు ఈ రెండవ కీడును నిరూపించారు. పందుల శ్వాసకోశానికి సోకే ఒక కరోనావైరస్ ఉన్నది. అది ఒంటరిగా సోకితే పందిలో రోగలక్షణాలు అంతగా కనిపించవు. కొన్ని రకాల బాక్టీరియా కణకవచంలో ఎండోటాక్సిన్ అనే పదార్థం ఉంటుంది. దానిని కొద్ది మోతాదులో శ్వాసనాళంలోకి ఎక్కించినా పెద్దగా బాధ ఉండదు. పరిశోధకులు వైరస్ సోకిన పందులకు ఆ పదార్థాన్ని ఎక్కించారు. పందులు తీవ్రమైన ఆయాసంతో, జ్వరంతో కుంగిపోయాయి. వాటి ఊపిరితిత్తులలో ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అనే సైటోకైన్ అత్యధిక పరిమాణంలో కనిపించింది.

ఈ ప్రయోగంలో సజీవమైన బాక్టీరియా ఒక్కటి కూడా లేదు. ఉన్నది దాని శకలం మాత్రమే. అంటే పందిని పడవేసినది బాక్టీరియా కాదు. వైరస్ వల్ల అప్పటికే అప్రమత్తమై ఉన్న రక్షణ వ్యవస్థ, బాక్టీరియా జాడ తగలగానే చేసిన అతిస్పందన. పిలుపు మీద పిలుపు వెళ్లడంతో న్యూట్రోఫిల్ కణాలు గుంపులుగా దిగి, క్రిములను చంపడానికి దాచుకున్న ఎంజైములను వాయుకోశాల గోడలపైనే కుమ్మరిస్తాయి. కంచె చేను మేయడమంటే ఇదే. గాలి నిండవలసిన చోట ద్రవం నిండుతుంది.

మనిషికి చెప్పిన పాఠం

పందిలో తేలిన ఈ సత్యం మనిషి విషయంలో ఎంతవరకు వర్తిస్తుంది? 1918 మహమ్మారిలో ఒక్క భారతదేశంలోనే కోటిమందికి పైగా మరణించారు. ఆనాటి మృతుల ఊపిరితిత్తుల నమూనాలు 58 అమెరికాలో భద్రపరచబడి ఉన్నాయి. 2008లో మోరెన్స్, టౌబెన్‌బెర్గర్, ఫౌచీ అనే శాస్త్రవేత్తలు వాటిని తిరిగి పరీక్షించి, ఎనిమిది వేలకు పైగా పాత శవపరీక్షల నివేదికలను సమీక్షించారు. అత్యధిక మరణాలకు దారితీసినది వైరస్ వెంట వచ్చిన బాక్టీరియా న్యుమోనియా అని వారు నిర్ధారించారు. షోప్ పందులలో చూసిన జంట దాడే మనుషులలోనూ జరిగిందన్నమాట.

2009లో పందుల వైరస్ జన్యువులతో కూడిన కొత్త ఇన్‌ఫ్లూయెంజా ప్రపంచమంతా వ్యాపించింది. ఆ ఏడాది అమెరికాలో మరణించిన 77 మంది నమూనాలను పరీక్షించగా 22 మందిలో బాక్టీరియా కూడా సోకినట్లు తేలింది. యాంటీబయాటిక్ ఔషధాలు విస్తృతంగా లభించే కాలంలో కూడా ఈ జంట శత్రువు పూర్తిగా తొలగలేదు.

మందు, మితం, ముందుచూపు

యాంటీబయాటిక్ ఔషధం బాక్టీరియాను చంపుతుంది, వైరస్‌ను చంపదు. జంట వ్యాధిలో అది రెండవ శత్రువును మాత్రమే అడ్డగిస్తుంది. అయినా దాని విలువ తక్కువది కాదు. ఇటువంటి ఔషధాలలో ఒకటైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి సాధించాడు. 1948లో ఇది వెలువడినది లెడర్లే ప్రయోగశాల నుంచి. ఆ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించినవాడు భీమవరంలో జన్మించిన తెలుగు శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు. మానవులకు, పశువులకు కూడా ఆ ఔషధం ఉపయోగపడింది.

కాని అమృతమైనా అమితమైతే విషమవుతుంది. మేతలో కొద్దికొద్దిగా యాంటీబయాటిక్ కలిపితే పశువులు త్వరగా బరువు పెరుగుతాయని తెలిసిన తర్వాత, జబ్బు లేకపోయినా వాటికి ఔషధాలు మేపడం పరిపాటి అయింది. ఆ ఔషధాలకు లొంగని బాక్టీరియా పుట్టుకొచ్చింది. ఈ ప్రమాదాన్ని గుర్తించి ఐరోపా సమాఖ్య 2006లో బరువు పెరుగుదల కోసం యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించింది. కొలిస్టిన్ అనేది చిట్టచివరి అస్త్రంగా వైద్యులు దాచుకున్న ఔషధం. దానికి లొంగని లక్షణాన్ని ఒక బాక్టీరియానుంచి మరొకదానికి చేరవేసే జన్యువును 2015లో చైనాలో పందుల నుంచి సేకరించిన బాక్టీరియాలోనూ, రోగులలోనూ గుర్తించారు. భారత ప్రభుత్వం 2019లో ఆహారానికి పెంచే పశుపక్ష్యాదులలో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది.

కాబట్టి ముందుచూపే మేలైన మార్గం. తొలిరోజు ముర్రుపాలు ప్రతి పిల్లకూ అందేటట్లు చూడడం, వేర్వేరు ఈడుల పందులను ఒకేచోట కలపకపోవడం, కొట్టంలో గాలీ వెలుతురూ ఉండేటట్లు చూడడం, కొత్తగా కొన్న పందిని కొన్నాళ్లు వేరుగా ఉంచడం, తగిన టీకాలు సకాలంలో వేయించడం పెంపకందార్లు పాటించవలసిన నియమాలు. విజ్ఞానశాస్త్రం మరొక అడుగు కూడా వేసింది. పి.ఆర్.ఆర్.ఎస్. వైరస్‌కు ద్వారమైన సి.డి.163 జన్యువును సవరిస్తే పందికి ఆ వ్యాధి సోకదని మిస్సోరి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో చూపారు. ఈ మార్గంలో రూపొందించిన పందులను ఆహారానికి వినియోగించడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025లో అనుమతించింది. కావలివాడిని ఆహారంగా మార్చుకునే తలుపే మూసుకుంటే, వెనుక పొంచి ఉన్న బాక్టీరియాకు అదను దొరకడం కష్టమవుతుంది.

ఒక రోగానికి ఒకే కారణం ఉండాలని మనసు కోరుకుంటుంది. దోషి ఒక్కడే అయితే తీర్పు సులభం. ప్రకృతి మాత్రం అంత సరళంగా వ్యవహరించదు. వ్యాధి తీవ్రతను నిర్ణయించేది క్రిమి బలం ఒక్కటే కాదు. అది వచ్చిన సమయం, దానికి తోడైన మరొక క్రిమి, వాటిని ఎదుర్కొనే శరీరపు శక్తి, ఆ శక్తి పాటించే మితం. నాలుగూ కలిసి రోగి భవితవ్యాన్ని నిర్ణయిస్తాయి. గోరుచుట్టును చిన్నదని ఉపేక్షించరాదు. రోకలి ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు కదా!

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రిచర్డ్ షోప్ జరిపిన ప్రయోగాలను, వాటివల్ల తేలిన సత్యాన్ని వివరించండి.
2. వైరస్ సోకిన తర్వాత బాక్టీరియా సులభంగా ప్రవేశించడానికి గల కారణాలను తెలపండి.

ఆ) కింది ప్రశ్నలకు ఐదారు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పందిపిల్లకు ముర్రుపాలు ఎందుకు అత్యవసరం?
2. ‘పార్ష్ణిగ్రాహుడు’ అన్న మాటను పాఠంలో ఏ సందర్భంలో ఉపయోగించారు?
3. ‘కంచె చేను మేయడం’ అన్న జాతీయం గెంట్ ప్రయోగానికి ఎలా వర్తిస్తుంది?
4. యాంటీబయాటిక్ ఔషధాలను మితిమీరి వాడడం వల్ల కలిగిన అనర్థమేమిటి?

ఇ) కింది పదాలకు అర్థాలు తెలుసుకొని సొంతవాక్యాలలో ప్రయోగించండి.
సోపానం, ప్రాకారం, కష్టసాధ్యం, అదను, ఉపేక్ష, పరిపాటి

ఈ) కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి.
సర్వస్వనాశనమవుతుంది, ప్రాణాంతకం, ప్రాణాపాయం, ఏకైకం